ఉప్పు, తుప్పు, నిప్పు

మన ప్రాచీన శాస్త్రకారులు ఏ గ్రంథమునైనను ఆరంభించుటకు ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుట మర్యాదగా పాటించిరి: ఇందలి విషయమేమి, దీనివలన ప్రయోజనమేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధమెట్టిది, దీనిని చదువుటకు అధికారి యెవడు? ఈ నాలుగింటికిని అనుబంధచతుష్టయమని పేరు. శాస్త్రజిజ్ఞాసువుల కొఱకు పుట్టిన ఈ ప్రశ్నలను, అమెరికాదేశమున ఒహాయో రాష్ట్రమునందలి క్లీవ్‌లాండు నగరపు శివారున నివసించు తెలుగు గృహస్థు డొకడు, తన గ్యారేజీలో పాత కారును బాగుచేసికొనుటకు వెల్డింగు యంత్రమును కొనవచ్చునా కొనరాదా యను సంశయమును తీర్చుకొనుటకై వాడుకొనుట అపచారమని కొందఱు తలపవచ్చును. కాని వస్తువు చౌకగను, కోరిక తీవ్రముగను, అనుభవము స్వల్పముగను ఉన్న వ్యవహారమునకు ఇంతకంటె మంచి వడపోత నాకు కనబడలేదు.

విషయము తుప్పు. క్లీవ్‌లాండు నగరము ఈరీ సరస్సునకు దక్షిణతీరమున నున్నది. శీతకాలమున ఉత్తరమునుండియు పడమరనుండియు వీచు చలిగాలులు ఇంకను గడ్డకట్టని సరస్సుమీదుగా సాగివచ్చి, అచటి తేమను గ్రహించి, తీరము చేరగానే దానిని మంచుగా కుమ్మరించును. ఆ మంచును కరగించుటకై వీథులపై చల్లునది ఉప్పు. నీటిలో ఉప్పు కలిసినచో అది సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. శాస్త్రరీత్యా సున్నకు దిగువ 21 సెల్సియస్ డిగ్రీల వఱకును ద్రవముగా నిలువగలదు, వాడుకలో మాత్రము 9 డిగ్రీలకు దిగువ దాని పని మందగించును. ఈ ఉప్పు దూరదేశమునుండి ఓడలపై రావలసినది కాదు. ఇదే సరస్సు గర్భమున, సుమారు 1800 అడుగుల లోతున, 40 కోట్ల సంవత్సరములకు పూర్వము ఎండిపోయిన ఒక ప్రాచీన సముద్రము విడిచిపోయిన ఉప్పుపొరను తవ్వు గని ఈ నగరమునందే యున్నది. మానవజాతి పుట్టుకకు ఎన్నో యుగములకు ముందే ఇంకిపోయిన ఆ సముద్రము, ప్రతి డిసెంబరులోను తిరిగి వచ్చి నా కారు అడుగుభాగమును తడుపుచున్నదన్నమాట.

ఇనుము తుప్పుపట్టుట విద్యుద్రసాయనిక క్రియ. ఉప్పునీరు మంచినీటికంటె సులభముగా విద్యుత్తును ప్రసరింపజేయును గనుక, ఆ క్రియ ఇచట మిక్కిలి త్వరితముగా సాగును. పైపూత నిగనిగలాడుచుండగనే, తలుపుల క్రింద పొడవునా సాగు బోలు ఉక్కుదూలము, ఇచటివారు రాకర్ ప్యానెల్ అనునది, లోపలినుండి చివికిపోవును. దాని నీటిరంధ్రములు మట్టితో పూడిపోయినచో వేసవిలో సైతము లోపల ఉప్పుచెమ్మ నిలిచియుండును. చక్రములపై నుండు రెక్కల అంచులు, పొగగొట్టమును వ్రేలాడదీయు కొక్కెములు, బ్రేకుగొట్టములను పట్టియుంచు పట్టీలు, ఇవియన్నియు అదే త్రోవ పట్టును. పదునైదేండ్లు దాటిన మా కారును ఇటీవల మెకానిక్ పైకెత్తి, స్క్రూడ్రైవరు మొనతో రాకర్‌ను మెల్లగా పొడిచి చూడగా, వెనుకవైపు జాకీ పెట్టుచోట ఆ మొన అడ్డులేక లోపలికి దిగిపోయినది. పొగగొట్టపు కొక్కెమొకటి అప్పటికే తెగియున్నది. వెనుక రెక్క అంచున వేలు దూరునంతటి కంత.

ప్రక్కనున్న పెన్సిల్వేనియా రాష్ట్రమున కార్లకు ఏటేటా భద్రతాపరీక్ష కలదు. ఒహాయోలో అట్టి నియమము లేదు. ఈశాన్యపు ఏడు కౌంటీలలో ఈ-చెక్ అను పొగపరీక్ష మాత్రము కలదు. ప్రభుత్వము కారు ఊపిరిని పరీక్షించునే గాని, దాని ఎముకలను పరీక్షింపదు. చివికిన కారును నడుపవచ్చునా, దానిని ఎవరు ఎట్లు అతుకవలెనను తీర్పు పూర్తిగా యజమానునికే విడువబడినది.

ఇక ప్రయోజనము. విజయవాడలోనున్న మా బావమరిదితో ఫోనులో ఈ ప్రసక్తి తెచ్చినప్పుడు అతడు విరగబడి నవ్వెను. “ఏంటి బావా, ఇంత చదువూ చదివి అక్కడ వెల్డింగ్ షాపు పెడతావా? మన ఆటోనగర్‌లో అయితే బండి అక్కడ వదిలేసి, టీ తాగి వచ్చేలోపు అతికించి పెడతారు!” అతని మాటలో అతిశయోక్తి కొంత యున్నను అసత్యము లేదు. అచట అతుకువేయు చేయి వీథిలోనే దొరకును; యంత్రము కొనవలెనను తలంపే గృహస్థునకు పుట్టదు. ఇచట యంత్రము అంగడిలో బియ్యపుసంచి ప్రక్కనే యన్నంత సులభముగా దొరకును. చేయి మాత్రము గంటకు నూఱు డాలర్లు దాటిన కూలి నడుగును. గ్యాసు అక్కరలేని చిన్న యంత్రములు నూట యాబది డాలర్లకే వచ్చుచుండగా, రెండు గంటల కూలితో యంత్రమే నాదగునుగదా యని నాబోటివాడు లెక్కవేయుట సహజము.

కాని ఆ లెక్క యంత్రముతో ముగియదు. శిరస్త్రాణము, తోలు చేతొడుగులు, తుప్పును గీకి కోయుటకు గ్రైండరు, రేకులను పట్టియుంచు బిగింపులు, గ్యాసు సిలిండరు, దాని రెగ్యులేటరు, అతుకుపై పూయు ప్రైమరు, ఇవి యొక్కొక్కటిగా వచ్చి చేరును. సన్నని రేకునకు తగిన, గ్యాసుతో పనిచేయు నమ్మకమైన యంత్రము వెల అనేక వందల డాలర్లు. ఇంతయు కలిపినచో నా పాత కారునకు పలుకు ధరలో గణనీయమైన భాగమగును. కావున ధనము మిగులునను వాదము ఒక్క కారుతో నిలువదు. ఏటేటా ఇట్టి పని యున్నవానికే అది చెల్లును. అయినను కోరిక తీరలేదనిన, ఆ కోరికకు మూలము పొదుపు కాదనియు, స్వహస్తముతో ఉక్కును కరగించి అతుకుటలోని ఆనందమనియు ఒప్పుకొనవలెను. ఆనందము సైతము ప్రయోజనమే. దానిని పొదుపు పద్దులో వ్రాసికొని ఇల్లాలికి చూపుటయే అన్యాయము.

మూడవది సంబంధము: ఈ యంత్రమునకును ఈ పనికిని పొత్తు కుదురునా? ఈ విద్యకు నేను నివసించు ప్రాంతము పుట్టినిల్లు కాకున్నను మేనత్తయిల్లు వంటిది. లోహపు కడ్డీనే కరగించి అతుకు విద్యుత్పద్ధతికి అమెరికాలో 1890లో పేటెంటు పొందిన సి. ఎల్. కాఫిన్ ఇరుగూరైన డెట్రాయిట్ వాడు. లింకన్ ఎలక్ట్రిక్ సంస్థ 1895లో ఈ క్లీవ్‌లాండులోనే పుట్టినది. నేడు ఇంటి గ్యారేజీలలో కానవచ్చు, గ్యాసు కాపున తీగను కరగించి అతుకు మిగ్ పద్ధతి 1948లో ఇదే రాష్ట్రమునందలి కొలంబస్ నగరమున బ్యాటెల్ పరిశోధనాసంస్థలో రూపొందినది. కారును తినివేయు ఉప్పును తవ్వునదియు, తినివేయబడిన దానిని అతుకు సాధనమును చేయునదియు ఒకే ఊరగుట కేవలము యాదృచ్ఛికమే యైనను, ఇచట నివసించువానికి అది వినోదమును గూర్చును.

పాత కడ్డీ వెల్డింగు, అనగా మన యూళ్లలో రాడ్డు వెల్డింగనునది, గేట్లకును ట్రాక్టరు పరికరములకును శ్రేష్ఠము. ఒక మిల్లీమీటరు మందమైనను లేని కారు రేకునకు అది శత్రువు. టిగ్ పద్ధతి అతిసుందరము, కాని రెండు చేతులకును తఱచు పాదమునకును పని కల్పించును. లోహము అద్దమువలె శుభ్రముగా లేనిచో సహింపదు. మిగిలినది తీగ పద్ధతి. అందులో మందు నింపిన తీగతో గ్యాసు లేకుండ పనిచేయునది చౌక. కాని వేడియు చిటపటయు నధికమై సన్నని రేకును సులభముగా కంతచేయును. నూటికి 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు బొగ్గుపులుసు వాయువు కలిపిన మిశ్రమముతోను, 0.6 మిల్లీమీటర్ల తీగతోను పనిచేయు మిగ్ యంత్రమే రేకునకు యుక్తము. ఇంటి 120 వోల్టుల సాకెట్టునుండి అది నడచును. 240 వోల్టుల పెద్ద యంత్రము మందపు ఉక్కునకే అవసరము, దానికి ఎలక్ట్రీషియనును పిలిచి వేఱుగా తీగ లాగించవలెను. చిన్న యంత్రమునకు డ్యూటీ సైకిల్ నూటికి 20 అని వ్రాసియున్నచో, పదినిముషములలో రెండు నిముషములే నిప్పు, ఎనిమిది నిముషములు విశ్రాంతి. రేకుపనికి ఇది కొఱత కాదు. ఏలయన రేకును ఏకధాటిగా అతుకరాదు. దర్జీ ముందుగా అచటచట వేయు కచ్చాకుట్లవలె, దూరదూరముగా చుక్కలు పెట్టుచు, ఒకచోట చల్లారునప్పటికి వేఱొకచోటికి మాఱుచు పోనిచో, వేడికి రేకు ముడుచుకొని ఆకారము తప్పును.

యంత్రము చేయలేనిది మఱొకటి కలదు. అది తుప్పును ఉక్కుతో అతుకదు. తళతళలాడు మంచి లోహము కనబడువఱకు కోయవలెను. వేలు దూరు కంత కోయగా కోయగా అరచేయి దూరునంత యగుట ఈ పనిలో నిత్యానుభవము. పైగా అతుకు వేడికి వెనుకవైపు రక్షణపూత మాడిపోవును గనుక, బోలు దూలము లోపలికి మైనపుపూతను చిమ్మనిచో, క్రొత్త తుప్పు అతుకు వేసినచోటనే మొదలగును. ఇక నవీనపు కార్లలో స్తంభములకును రాకర్లకును తఱచు వాడు బోరాన్ ఉక్కు, కాచి అచ్చులో అదిమి చల్లార్చుటవలన బలము పొందినది. మరల కాచినచో ఆ బలము తగ్గును. అందుచేతనే ఎచట కోయవచ్చునో ఎచట కోయరాదో తయారీదారులు నియమించిరి. రెక్క అంచు వంటి బరువు మోయని రేకునకు నిప్పే అక్కరలేదు. దానికని ప్రత్యేకముగా చేసిన జిగురులు చాలును. ఈ విధముగా జల్లెడపట్టగా నా పనులలో యంత్రమునకు న్యాయముగా దక్కినవి పొగగొట్టపు కొక్కెములు, పట్టీలు, ఇట్టి చిల్లర వస్తువులు. రాకర్ మాత్రము వేఱు. జాకీపై ఎత్తినప్పుడు కారు బరువు దానిమీదనే నిలుచును. ప్రక్కనుండి వాహనము తాకినప్పుడు లోనివారిని కాచునదియు నదే.

నాల్గవ ప్రశ్నయే కఠినమైనది: అధికారి యెవడు? చిన్ననాట వెల్డింగు అంగడి ముందు నిలిచినచో “ఆ వెలుతురు చూడకురా, కళ్లు పోతాయి” అని పెద్దలు చేయిపట్టి లాగుట తెలుగువారిలో ఎఱుగనివాడుండడు. అది వట్టి బెదిరింపు కాదు. ఆ వెలుగునందలి అతినీలలోహిత కిరణములు కంటి పైపొరను కాల్చును. అప్పటి కేమియు తెలియదు, కొన్ని గంటల పిమ్మట, తఱచు రాత్రివేళ, కంట ఇసుక పోసినట్లు బాధ పుట్టును. జస్తాపూత కల రేకును కాల్చినచో ఆ పొగ సాయంత్రమునకు చలిజ్వరము తెచ్చును. క్లోరిన్ కలసిన బ్రేక్ క్లీనరుతో తుడిచిన లోహముపై నిప్పు పెట్టినచో, మొదటి ప్రపంచయుద్ధమున ఆయుధముగా వాడిన ఫాస్జీన్ అను విషవాయువు పుట్టగలదు. వెల్డింగు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనాసంస్థ 2017లో నిర్ణయించినది.

ఇచటి గ్యారేజీ ఊరిచివరి కొలిమి కాదు. ఇంటిగోడ నానుకొని, పై అంతస్తున పిల్లలు నిద్రించు గది క్రింద నుండునది. అందులో గడ్డికోత యంత్రపు పెట్రోలు డబ్బా, ఇండియానుండి వచ్చిన సామానుల అట్టపెట్టెలు, గుడ్డల సంచులు నిండియుండును. కారు తివాసీ క్రింద దాగిన నిప్పురవ్వ మెల్లగా రాజుకొనును గనుక, పని ముగిసిన పిమ్మట అరగంటయో గంటయో అచటనే కావలి యుండవలెను. శీతకాలమున తలుపు మూసినచో పొగ నిలుచును. తెఱచినచో గాలి వచ్చి అతుకును కాచు గ్యాసును చెదరగొట్టును.

వీని కన్నింటికిని ఉపాయములున్నవి: నల్లగాజు శిరస్త్రాణము, నూలు వస్త్రములు, నిప్పు నార్పు సాధనము, బ్యాటరీ తీగను విప్పుట, ఎర్తు పట్టీని అతుకునకు సమీపమున బిగించుట. ఉపాయము లేనిది అభ్యాసలోపమునకే. చెడ్డ అతుకు పైకి మంచి అతుకువలెనే కనబడగలదు. లోహము లోనికి కరగక పైపైన ముద్దగా నిలిచినదో లేదో, దానిని బిగింపులో పెట్టి వంచినగాని తెలియదు. ఏటికి రెండుమార్లు యంత్రమును బయటికి తీయువాని చేతికి ఆ నైపుణ్యము ఎన్నటికిని పట్టుబడదు. మా అమ్మాయి ఆ కారులోనే కాలేజీకి పోవుచున్నది. నా చేతి అతుకుపై జాకీ పెట్టి దాని క్రింద నేను పరుండుట నా సాహసము. దానిని నమ్మి ఆమె రాజమార్గమున గంటకు 65 మైళ్ల వేగముతో పోవుట నా సాహసము కాదు.

నాలుగు ప్రశ్నలును ముగియగా తేలినదిది. రాకర్‌ను ఆ పని తెలిసిన బాడీషాపునకు ఈ వారమే అప్పగించితిని. తుప్పు నా విద్యాభ్యాసము ముగియువఱకు వేచియుండదు. రెక్కకు జిగురు చాలును. యంత్రమును ఇప్పుడు కొనను. దానికై తీసియుంచిన ధనములో కొంత శిరస్త్రాణమునకును చేతొడుగులకును, తక్కినది సమీపమునందలి కమ్యూనిటీ కాలేజీలోని సాయంకాలపు వెల్డింగు తరగతికిని వెచ్చించితిని. యంత్రము ముందు కొని చేయి పిమ్మట సంపాదించు క్రమమే ఇచటి అంగళ్లు మనకు నేర్పుచున్నవి; నేను ఆ క్రమమును తలక్రిందులు చేయ నిశ్చయించితిని. తరగతి ముగియునాటికి, రెండు రేకుముక్కలను నేను అతికి, గురువు వానిని బిగింపులో పెట్టి వంచినప్పుడు అతుకు విడివడక రేకే వంగినచో, పొగగొట్టపు కొక్కెముల కొఱకు చిన్న మిగ్ యంత్రమొకటి కొందును. విడివడినచో, ఆ కొక్కెములను సైతము మెకానిక్ వద్దకే కొనిపోయి, అతడడిగిన కూలి బేరమాడక యిచ్చెదను. ఏలయన అప్పటికి ఆ కూలి దేనికో నాకు బాగుగా తెలిసియుండును.