అటూఇటుగా అయిదు కిలోమీటర్లు

మా నంద్యాల్లో ‘ఫైవ్ కె రన్’ అంటే ఎంత దూరమని అడిగితే ఎవరూ తడుముకోరు. “శ్రీనివాస సెంటర్ నుంచి బొమ్మలసత్రం దాకా పోయి రావడమే కదా” అంటారు. అది అయిదు కిలోమీటర్లు ఉంటుందా అని రెట్టిస్తే, “అటూఇటుగా ఉంటుంది సార్” అంటారు. ఆ అటూఇటులోనే నా క్రీడా జీవితం సాగిపోతోంది.

నంద్యాల్లో కాపురం, ఆళ్లగడ్డలో కొలువు. పొద్దున పాఠాలు చెప్పడానికి 40వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో పోతూ, ఎడమ చేతి వైపు నల్లమల కొండలు చూస్తూ కునికిపాట్లు పడే మనిషిని. నలభై దాటాక ఒంట్లో చక్కెర పెరిగిందని డాక్టరు నడవమన్నాడు. చీకటితో లేచి నడిచాను. నడుస్తూ నడుస్తూ ఉండగా ఒకనాడు కాళ్లు వాటంతటవే పరుగందుకున్నాయి. పరుగు అనేది నా మాట; చూసినవాళ్లు దాన్ని వేగంగా నడవడం అంటారు. అప్పటి నుంచి ఊళ్లో పరుగు పందెం ఉందని ఎవరు చెప్పినా పేరు రాయించుకుంటాను. నెగ్గుతానన్న ఆశ లేదు. పదిమందితో కలిసి రోడ్డంతా మనదే అన్నట్టు పరిగెత్తే హక్కు మామూలు రోజుల్లో దొరకదు. మిగతా అన్ని రోజులూ ఆ రోడ్డు ఆటోలదీ, ఎద్దుల బండ్లదీ, అరటి గెలల ట్రాక్టర్లదీ.

పందేలకు కొదవేం లేదు. జనవరి 12న వివేకానందుడి జయంతి, 25న ఓటర్ల దినోత్సవం, జూన్ 23న ఒలింపిక్ దినం, ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, అక్టోబరు 31న పటేల్ జయంతికి ఐక్యతా పరుగు, డిసెంబరు 1న ఎయిడ్స్ అవగాహన. పటేల్ పరుగు 2014 నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యాక మా కళ మరీ పెరిగింది. అంతకుముందు కలెక్టరూ ఎస్పీ కర్నూల్లో ఉండేవాళ్లు, జెండా ఊపే చెయ్యి కోసం అటు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు మా కలెక్టరు మాకున్నాడు, మా ఎస్పీ మాకున్నాడు, ఊపడానికి జెండాలూ ఉన్నాయి.

ఆరింటికని కరపత్రంలో ఉంటుంది. ఆరింటికి వచ్చేది నాలాంటి వాళ్లు, ఎన్‌సీసీ పిల్లలు, మైకు పెట్టే కుర్రాడు. టీషర్టులు ఏడింటికి వస్తాయి. అన్నీ ఒకే సైజు. పదో తరగతి పిల్లకు మోకాళ్ల దాకా, నాకు బొడ్డు దాకా. ఏడున్నరకు ముఖ్య అతిథి వస్తారు. ఆరోగ్యమే మహాభాగ్యమని చెబుతారు. అప్పటికి ఎండ నెత్తికెక్కుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊరు మాది. ఇక్కడ పొద్దున ఆరుకూ ఏడున్నరకూ ఉన్న తేడా ఏమిటో పరిగెత్తేవాడి మాడుకు తెలుస్తుంది.

తర్వాత జెండా ఊపుతారు. ఊపగానే పరుగు మొదలవుతుందనుకుంటే పొరపాటు. ముందు వరసలో పెద్దలంతా బ్యానరు పట్టుకుని నిలబడి ఉంటారు, వాళ్ల వెనక మేము. ఫొటోగ్రాఫరు వెనక్కి వెనక్కి నడుస్తుంటే పెద్దలు ముందుకు ముందుకు నడుస్తారు. నాలుగు వందల మందిమి ఒక గుడ్డ వెనకాల పెళ్లి ఊరేగింపులాగా కదులుతాం. వంద గజాలు పోయాక ఫొటోలు సరిపోతాయి, బ్యానరు మడతపడుతుంది, పెద్దలు కార్లెక్కుతారు. అప్పుడు వెనక నుంచి గాలిదుమారం లేచినట్టు కుర్రాళ్లు దూసుకుపోతారు.

ఆ కుర్రాళ్ల గురించి చెప్పుకోవాలి. నంద్యాల్లో ఏ గ్రౌండుకైనా తెల్లవారక ముందు పోయి చూడండి. గోస్పాడు, శిరివెళ్ల, బండి ఆత్మకూరు వైపు పల్లెల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్న పిల్లలు చీకట్లో చుట్లు కొడుతుంటారు. మన రాష్ట్రంలో కానిస్టేబులు ఉద్యోగానికి మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. సైన్యంలోకి పోవాలంటే ఇంకా వేగం కావాలి. మేం పరిగెత్తేది తిన్నది అరగడానికైతే, వాళ్లు పరిగెత్తేది రేపటి తిండికి. ఒకసారి నా పాత విద్యార్థి ఒకడు పక్క నుంచి పోతూ, “ఏం సార్, మీరూ సెలక్షన్‌కి పోతున్నారా?” అన్నాడు. లేదు నాయనా, షుగరు అన్నాను. “అయితే నిదానంగా రాండి సార్, మేం ముందు పోయి ఉగ్గాని తింటుంటాం” అని మాయమయ్యాడు. నేను చేరేసరికి నిజంగానే బజ్జీలు కూడా అయిపోయాయి.

అట్లాంటి ఒక పందెంలోనే ఒక కుర్రాడు చెప్పుల్లేని కాళ్లతో 12 నిమిషాలు తిరక్కుండానే గీత దాటేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. రోడ్డు మీద అయిదు కిలోమీటర్లకు ఇథియోపియా వీరుడు బెరిహు అరెగావి 2021 డిసెంబరు 31న బార్సిలోనాలో నెలకొల్పిన ప్రపంచ రికార్డు 12 నిమిషాల 49 సెకన్లు. అంటే మా వాడు నంద్యాల నడిబొడ్డున దాన్ని బద్దలుకొట్టాడన్నమాట! వాణ్ని పిలిచి 1,600 ఎంతలో కొడతావురా అంటే అయిదున్నర నిమిషాలన్నాడు. మంచి వేగమే. కానీ అదే ఊపు చివరిదాకా నిలబెట్టుకున్నా అయిదు కిలోమీటర్లకు 17 నిమిషాలు పైనే పడుతుంది. లెక్క వేస్తే ఆ రోజు మేం పరిగెత్తింది మూడున్నర కిలోమీటర్లు. మరో చోట ఇదే పేరుతో ఆరు కిలోమీటర్లు పరిగెత్తించిన సందర్భమూ ఉంది. ఆ రోజు ఎవరూ రికార్డు గురించి ఆలోచించలేదు. నీళ్ల గురించే ఆలోచించాం.

కొలవడం కష్టమా అంటే, కాదు. అంతర్జాతీయ పందేలకు దారిని సైకిలుతో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. అది చక్రం తిరిగిన లెక్క చెబుతుంది. ముందుగా ఉక్కు టేపుతో కొలిచి పెట్టుకున్న దూరం మీద సైకిలు నడిపి కౌంటరు లెక్క సరిచూసుకుంటారు. ఆ తర్వాత మలుపుల దగ్గర పరుగువాడు ఎంత అడ్డదారి తీసుకోగలడో అంత దగ్గరి దారినే తొక్కుతూ పోతారు. ఇంత చేసినా, పొరపాటున కూడా దూరం తగ్గకూడదని వెయ్యికి ఒక వంతు అదనంగా కలుపుతారు. అయిదు కిలోమీటర్ల పందెమంటే గీయవలసిన దారి 5,005 మీటర్లు. పరుగెత్తినవాడి చెమటకు వాళ్లిచ్చే మర్యాద ఆ అయిదు మీటర్లు.

మన సీమకు కొలతలు కొత్త అంటే నేనొప్పుకోను. ఏ తిరునాళ్లకైనా పోయి బండలాగుడు పోటీలు చూడండి. ఎద్దుల జతకు ఇన్ని నిమిషాలని గడియారం పెడతారు. సమయం అయిపోగానే ఈల వేస్తారు, బండ ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది. టేపు పట్టుకుని ఇద్దరు పరిగెత్తుకొస్తారు. ఫలానా ఊరి ఫలానా రెడ్డిగారి జత ఇన్ని అడుగుల ఇన్ని అంగుళాలు లాగిందని మైకులో చెబుతారు. అంగుళం దగ్గర తేడా వస్తే గొడవలైపోతాయి. వర్గాలు కూడా పద్ధతిగా ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టిగాని గిత్తను బరిలోకి దించరు. మా పరుగులో ఆ భాగ్యం లేదు. మొన్ననే మీసం మొలిచినవాడూ, ఉన్న పళ్లు ఊడిపోతున్నవాడూ ఒకే గీత మీద నిలబడాలి, ఒకే మూడు బహుమతుల కోసం.

ఆళ్లగడ్డ సంగతి ఇంకా చిత్రం. రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరది. అక్కడ కాలేజీ పిల్లలతో కలిసి ఒక పరుగులో పాల్గొన్నాను. దారి శిల్పశాలల ముందు నుంచి పోయింది. ఇంకా ఎండ ముదరలేదు, ఉలి దెబ్బలు వినపడుతున్నాయి, రోడ్డు పక్క రాతి దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. ఆయాసం తీర్చుకునే నెపంతో ఒక పందిరి దగ్గర ఆగాను. సగం చెక్కిన నరసింహస్వామి నల్లరాతిలోంచి బయటికి వస్తున్నాడు. నడి వయసు శిల్పి ఒకాయన విగ్రహం నుదుటి నుంచి నాభి దాకా తాడు పట్టి చూసి, రాతి మీద ఎర్రగా గీత గీసి, మళ్లీ తాడు పట్టి చూశాడు. శిల్పశాస్త్రంలో దేవుడికి కూడా కొలతే: ఉత్తమ దశతాళమంటే తల నుంచి పాదం దాకా శిల్పుల లెక్కలో 124 అంగుళాలు, నవతాళమంటే 108. ఆయన తలెత్తి, “ఎంత దూరం సార్ మీ పరుగు?” అన్నాడు. అయిదు కిలోమీటర్లు, అటూఇటుగా అన్నాను. “మాకు అటూఇటైతే రాయి పోతుంది సార్” అని మళ్లీ తాడు అందుకున్నాడు.

కొలతను మించిన ఇంకో లోటు ఉంది. మా పరుగులకు ఆరంభం ఉంటుంది గాని ముగింపు ఉండదు. ముందొచ్చిన ముగ్గురికి మెడలో పతకం పడగానే సభ ముగుస్తుంది. నేను చేరేసరికి ముగ్గుపిండితో గీసిన గీత మీదుగా అప్పటికే ఆటోలు తిరిగి, అది గీతో మరకో తెలియకుండా ఉంటుంది. షామియానా దింపుతుంటారు, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి లారీలోకి ఎక్కిస్తుంటారు. అరటిపండ్ల గంపలో తొక్కలు మిగులుతాయి. నంద్యాల, మహానంది మధ్య ఎటు చూసినా అరటి తోటలే. మాకు అరటిపండు కరువు కావడమేమిటి?

మధ్యలో తిరుగు మలుపు దగ్గర, అక్కడిదాకా వచ్చామనడానికి గుర్తుగా చేతికి రబ్బరు బ్యాండు వేస్తారు. ఒకసారి నా తర్వాత కూడా ఒకావిడ వచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, చెప్పులు చేత పట్టుకుని, పరుగూ నడకా కలిపి మొత్తం దూరం పూర్తి చేసింది. ముఖం ఎర్రగా కందిపోయింది. చుట్టూ చూసి, కుర్చీలు మోస్తున్న పిల్లవాణ్ని ఆపి ముంజేయి చూపించి, “ఈ రబ్బరు బ్యాండు ఎవరికియ్యాల నాయనా?” అని అడిగింది. వాడికి తెలియదు. నన్నడిగింది. నాకూ తెలియదు. ఆ మనిషి ఆ పొద్దున చేసిన పనికి సాక్ష్యం ఆ రబ్బరు ముక్క ఒకటే. దాన్ని తీసుకోవడానికి కూడా మనిషి లేడు.

హైదరాబాద్ మారథాన్‌కో, విశాఖ సాగరతీరంలో జరిగే నేవీ మారథాన్‌కో పోయి వచ్చినవాళ్లు తేడా చెబుతారు. అక్కడ ఛాతీ మీద అంటించే నంబరుతో పాటు చిన్న చిప్ ఇస్తారు. గీత మీద పరిచిన చాప దాటగానే నీ సమయం నమోదవుతుంది. మొదట వచ్చినవాడికెంత లెక్కో, గడువు లోపల ఆఖరున వచ్చినవాడికీ అంతే లెక్క. పతకం కూడా పూర్తి చేసిన ప్రతివాడికీ ఉంటుంది. నిజమే, అవి లక్షల ఖర్చుతో జరిగే పెద్ద ఊళ్ల వేడుకలు. మాకు చిప్పులూ చాపలూ అక్కర్లేదు. చివరి మనిషి వచ్చేదాకా ఒక గీతా, దాని పక్కన పుస్తకమూ పెన్నూ పట్టుకున్న ఒక మనిషీ చాలు.

ఎదురుచూడడం మా ప్రాంతానికి చేతకాదా అంటే, అదీ కాదు. కనుమ నాడు అహోబిలం నుంచి నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. పల్లకీ నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. స్వామి తమ ఊరు ఎప్పుడు చేరితే అప్పుడే ఆ ఊరికి పండగ. అర్ధరాత్రి అయినా వాకిళ్లు కడిగి, ముగ్గులు పెట్టి, కొబ్బరికాయలు పట్టుకుని జనం నిద్ర కాచుకుని ఉంటారు. ఆలస్యమైందని పందిరి పీకిన ఊరు ఒక్కటీ లేదు. బయలుదేరినవాణ్ని సాగనంపడం కన్నా, చేరుకున్నవాణ్ని ఎదుర్కోవడమే పెద్ద పని అని ఈ పల్లెలకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ తెలిసిన పనినే ఫైవ్ కె రన్ రోజున మరచిపోతున్నాం.

కాబట్టి నిర్వాహకులకు నా విన్నపం నాలుగు మాటలు. ఒకటి, ఆరింటికని రాస్తే అతిథి వచ్చినా రాకపోయినా ఆరింటికే జెండా ఊపండి. ఊపడానికి ఊళ్లో పారిశుధ్య కార్మికురాలున్నా చాలు, ఆ వేళకు రోడ్డు మీద ఉండేది ఆవిడే. రెండు, దారిని ఒకసారి కొలిచి, కిలోమీటరు కిలోమీటరుకూ రోడ్డు మీద రంగుతో గుర్తు వేయండి. అది ఏళ్ల తరబడి అందరికీ పనికొస్తుంది, పొద్దున్నే సెలక్షన్లకు పరిగెత్తే పిల్లలకు మరీనూ. మూడు, గిత్తలకున్నట్టు మాకూ వయసు వర్గాలు పెట్టండి. పళ్లు లెక్కపెడతామన్నా నోరు తెరుస్తాం. నాలుగు, ఆఖరి మనిషి చేరేదాకా గీత చెరపకండి, ఆ మనిషి పేరు మైకులో చదవండి. వచ్చే పటేల్ జయంతి లోపల ఏ ఆదివారం పొద్దున అయినా సరే, టేపు మీరు తెండి. రెండో కొస పట్టుకోవడానికి నేనొస్తాను.