అర్థం కాకపోయినా మా పాటలే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని చెల్లెళ్ళు అడిగారు. ఇలాంటి సంచికల్లో ఏం రాస్తారో మాకూ తెలుసు. క్రమశిక్షణ, పట్టుదల, గురువుల ఋణం... వాటిని మాకంటే బాగా రాసిన అక్కలు పాత సంచికల్లో చాలామందే ఉన్నారు. అందుకే మేము పాటల గురించి రాస్తున్నాం. అవి కూడా తెలుగు పాటలు కావు, కొరియా పాటలు. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి.

మేము అంటే నలుగురం. 2015 నుండి 2018 దాకా, ఎనిమిదో తరగతి నుండి పదో తరగతి వరకు, ఈ హాస్టల్లో కిటికీ వరుసన పక్కపక్కనే ఉన్న నాలుగు ట్రంకు పెట్టెలు మావి. ఈ అక్షరాలు రాస్తున్న చెయ్యి ఒకరిదే. ఈ ఏడే ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసిన 23 ఏళ్ళ చెయ్యి అది. కానీ ఏ పాట గురించి రాయాలో తేల్చుకోవడానికి నలుగురం ఫోనులో గంటన్నర కొట్లాడుకున్నాం కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం. మా నాలుగు ఇళ్ళలోనూ మాకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. ఇది కూడా చెప్పాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

బ్లాక్‌పింక్ అనే నలుగురు అమ్మాయిల బృందం మొదటి పాటలు 2016 ఆగస్టు 8న వచ్చాయి. సియోల్‌లో వై.జి. ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ వాళ్ళను తయారుచేసింది. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. మాకు ఆ సంగతే తెలియదు. తర్వాతి నెలలోనే జియో సిమ్ములు వచ్చాయి. 2017 సంక్రాంతి సెలవులకు మాలో ఒకరి అన్న హైదరాబాద్ నుండి జియో సిమ్ముతో ఇంటికొచ్చాడు. డేటా ఉచితం గనక కనపడ్డదల్లా చూసేవాడు. అలా చూస్తూ చూస్తూ ఒక పాట దగ్గర ఆగాడు. వెనక నుండి చూసిన చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఆగలేదు!

సెలవులయ్యేలోపు మండల కేంద్రంలోని మొబైల్ షాపులో ఆ బృందం పాటలు నాలుగు మెమరీ కార్డులో ఎక్కించుకుంది. అప్పటికి వాళ్ళవి నాలుగే ఉన్నాయి: 'బూంబయా', 'విజిల్', 'ప్లేయింగ్ విత్ ఫైర్', 'స్టే'. డబ్బులు ఎక్కడివంటారా? కాస్మెటిక్ చార్జీలలో మిగుల్చుకున్నవి. ఆ నెల తలకు నూనె మూడు పెట్టెల వాళ్ళమే నలుగురికీ సర్దుకున్నాం.

హాస్టల్లో ఫోన్లు ఉండకూడదు కదా. కార్డు మా దగ్గర, ఫోను వంటక్క దగ్గర. ఆమెది మీటలు నొక్కే చిన్న ఫోను, గొంతు మాత్రం పెద్దది. ఆదివారం పొద్దున బియ్యంలో రాళ్ళు ఏరడానికి మేము వెళ్తే ఆమె పాటలు పెట్టేది. ఎల్లమ్మ పాటలు, బతుకమ్మ పాటలు, వాటి మధ్యలో మా నాలుగు. 'విజిల్' పాటలో వాయిద్యాలు తక్కువ, ఈల ఎక్కువ. మొదటిసారి విన్నప్పుడు వంటక్క పొయ్యి వైపు తిరిగి చూసింది. "గదేం పాటనే? కుక్కర్ కూత వెట్టినట్టున్నది" అంది. 'బూంబయా' అయితే సగంలోనే "బందు వెట్టుండ్రి, తల తిరుగుతున్నది" అనేది. ఇక 'స్టే' అంటే గిటారు మీద నెమ్మదిగా నడిచే పాట. చివర్లో మాటలు కూడా ఉండవు, అందరూ కలిసి తీసే ఉత్త రాగమే. అది వచ్చినప్పుడు ఆమె గరిటె ఆపి, "ఈ పిల్ల ఎవలనో పోవద్దని బతిమిలాడుతున్నది బిడ్డా" అంది.

రెండేళ్ళ తర్వాత, ఇంటర్‌లో ఉండగా ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం వెతికి చదివాం. వంటక్క చెప్పిందే నిజం.

నలుగురం నాలుగు పేర్లు పంచుకున్నాం. ఒకరు జెన్నీ, ఒకరు జిసూ, ఒకరు రోజే, ఒకరు లీసా. అసలు పేర్లు సంచికలో వద్దన్నారు కాబట్టి ఇక్కడా ఆ పేర్లే వాడుతున్నాం. మా లీసాది నాట్యంలో అసలు లీసాకు పూర్తిగా వ్యతిరేకం. పేరు ఎందుకు తీసుకుందో తర్వాత చెప్తాం.

ఆ పాటలు మాకు ఎందుకంత పట్టుకున్నాయని చాలామంది అడిగారు. అప్పుడు జవాబు తెలియలేదు, ఇప్పుడు కొంత తెలుస్తోంది. బడిలో మమ్మల్ని 'హాస్టల్ పిల్లలు' అనేవాళ్ళు. ఇంగ్లీషు పాట ఎవరైనా పాడితే మాకు అర్థం కాకపోవడం సిగ్గు. ఊరిలో కాన్వెంటులో చదివే పిల్లలకు తెలిసినది మాకు తెలియదని బయటపడుతుంది. కొరియా పాట అర్థం కాకపోతే ఏ సిగ్గూ లేదు. కాన్వెంటు పిల్లలకూ తెలియదు, ఇంగ్లీషు సారుకూ తెలియదు. దాని ముందు అందరం సమానమే. పైగా మాకు నాలుగు ముక్కలు ఎక్కువే వచ్చు!

ఎలా అంటే, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకునేవాళ్ళం. లెక్కల నోటుపుస్తకం చివరి పేజీల నిండా అవే. తెలుగు లిపికి లొంగని ధ్వని లేదనుకుంటాం గానీ, కొరియా భాషలో ఒక అచ్చు ఉంది, 'అ'కూ 'ఒ'కూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఏ గుణింతం వేసినా కుదరలేదు. వాళ్ళు తల్లిని 'ఒమ్మా' అంటారు, తండ్రిని 'అప్పా' అంటారు. ఆడపిల్ల అక్కను పిలిచేది 'ఒన్నీ'. ఆ 'ఒ' దగ్గరే ఆ అచ్చు ఉంది. జూనియర్ చెల్లెళ్ళకు నేర్పిస్తే కొన్నాళ్ళు భోజనాల వరుసలో మమ్మల్ని 'ఒన్నీ, ఒన్నీ' అని పిలిచారు. వార్డెన్ మేడం అదేదో తిట్టు అనుకుని అందరినీ నిలబెట్టి అడిగారు. 'అక్కా' అని అర్థం మేడం అంటే, "అక్కా అంటే అక్కా అనే అర్థం ఉంది కదే" అన్నారు. ఆ మాటకు జవాబు లేదు.

పదో తరగతిలో హాస్టల్ డే నాడు 2017లో వచ్చిన 'యాజ్ ఇఫ్ ఇట్స్ యువర్ లాస్ట్' పాటకు డ్యాన్స్ చేశాం. "ఇప్పుడు జపాన్ పాటకు నృత్యం" అని మైకులో ప్రకటించారు. దేశం మారినా చప్పట్లు తగ్గలేదు.

ఇక లీసా సంగతి. ఆమె కొరియా పిల్ల కాదు. థాయిలాండ్‌లో బురీరాం అనే చోట పుట్టింది. 2011లో, మా తొమ్మిదో తరగతి వయసులో, భాష రాని దేశానికి శిక్షణ కోసం వెళ్ళింది. రోజే న్యూజిలాండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, 2012లో బడి మానేసి వెళ్ళింది. జెన్నీ శిక్షణ దాదాపు 6 ఏళ్ళు, జిసూ, లీసాలది 5, రోజేది 4. నెల నెలా పరీక్ష. పైకి వచ్చాక కూడా చాలాకాలం నలుగురూ ఒకే వసతిలో ఉన్నారు. ఇవన్నీ 2020 అక్టోబరులో వాళ్ళ మీద వచ్చిన డాక్యుమెంటరీ, దానికి అటూ ఇటూ చదివినవి కలిపి తెలుసుకున్నాం. వాళ్ళ కష్టం, మన కష్టం ఒకటే అని అనడం లేదు. మనకు కాస్మెటిక్ చార్జీలు, జెన్నీకి షనెల్! కానీ భాష రాని చోట వరుసలో నిలబడి, నోరు కదుపుతూ నేర్చుకునే పిల్ల ఎలా ఉంటుందో మా లీసాకు బాగా తెలుసు. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు తరగతిలో మొదటి నెలంతా ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రెండో నెలలో సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. ముందు రాత్రి ఏ పుస్తకమూ చదవలేదట. లీసా కొరియన్‌లో గబగబా ర్యాప్ చెప్పే చోట్లు మాత్రమే మళ్ళీ మళ్ళీ విన్నదట. సెమినార్ మరీ అంత బాగా ఏమీ రాలేదు. ఆపకుండా మాత్రం చెప్పింది.

2018 జూన్‌లో వచ్చిన 'డుడు డుడు' అందరికీ తెలిసిందే. 2019 నవంబరులో ఆ వీడియో యూట్యూబ్‌లో 100 కోట్ల వీక్షణలు దాటింది, కొరియా బృందాలలో అదే మొదటిది. ఆ పాట మా జిసూది. డిగ్రీ అయ్యాక ఆమె కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు ఉంటుంది. మూడున్నర నిమిషాల పాట అది. ఒకసారి అయిపోయి రెండోసారి సగానికి వచ్చేలోపు గీత దాటాలని ఆమె లెక్క. పొద్దున్నే ఐదింటికి జూనియర్ కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతుంటే వాకింగుకు వచ్చే పెద్దమనుషులు ఏం వింటున్నావమ్మా అని అడుగుతారట. భక్తి పాటలు అని చెప్తుందట.

2019లో వచ్చిన 'కిల్ దిస్ లవ్' గురించి ఎక్కువ రాయం. బాకాలు బాగుంటాయి, అంతే. ఆ ఏప్రిల్‌లోనే అమెరికాలో కోచెల్లా వేదిక మీద పాడిన తొలి కొరియా ఆడపిల్లల బృందం వాళ్ళే. మేము ఇంటర్ సెకండియర్‌కు పుస్తకాలు వెతుక్కుంటున్నాం.

2020 మాకు రెండు ముక్కలైన సంవత్సరం. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాశాం, ఆ వెంటనే లాక్‌డౌన్. మా రోజే వాళ్ళ నాన్నకు పని పోయింది. ఇప్పుడైతే తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో అయిపోతుందని మే నెలలో ఆమెకు పెళ్ళి చేశారు. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. బస్సులు లేవు, మాలో ఒక్కరం కూడా వెళ్ళలేకపోయాం. మా నలుగురిలో మార్కులు ఎక్కువ ఆమెకే.

జూన్ 26న 'హౌ యూ లైక్ దట్' వచ్చింది. 24 గంటల్లో 8 కోట్ల 63 లక్షల సార్లు చూశారు, అప్పటికి అది రికార్డు. అందులో మావి 11. మా గ్రూపులో ముగ్గురం రాత్రంతా మాట్లాడుకున్నాం. నాలుగో టిక్కు నీలం కాలేదు. ఆ వీడియోలో ఒక చోట వినాయకుడి విగ్రహం నేల మీద కనపడిందని మన దేశపు అభిమానులు అభ్యంతరం చెప్తే, కొద్దిరోజుల్లోనే కంపెనీ దాన్ని తీసేసింది. అంత దూరం నుండి అంటే కూడా వినపడుతుందా అని ఆశ్చర్యపోయాం. ఇక్కడ పక్క మండలంలో ఉన్న పిల్లకు మా మెసేజీ వెళ్ళడం లేదు.

అక్టోబరులో 'లవ్‌సిక్ గర్ల్స్' వచ్చింది. రచనలో జెన్నీ, జిసూల పేర్లు కూడా ఉన్నాయి. మా దృష్టిలో వాళ్ళ పాటలన్నిటిలో మొదటి మూడింటిలో అది ఉంటుంది. బాధ గురించిన పాటకు అంత పరుగు ఎవరు పెడతారు! కానీ వీడియోలో జెన్నీ నర్సు వేషంలో, బిగుతు బట్టలు, ఎర్ర హైహీల్స్‌తో కనపడుతుంది. కొరియాలో వైద్య ఆరోగ్య కార్మికుల సంఘం వాళ్ళు ఇది మా వృత్తిని చులకన చేయడమేనన్నారు. కంపెనీ ఆ దృశ్యం తీసేసింది. అప్పుడే మా జెన్నీ బి.ఎస్సీ. నర్సింగుకు దరఖాస్తు పెట్టుకుని ఉంది. అభిమానులు చాలామంది సంఘం మీద కోపం తెచ్చుకున్నారు. ఆమె మాత్రం, "హీల్స్ వేసుకుని పీపీఈ కిట్టు తొడుక్కోమను చూద్దాం" అంది. పాట మీద ప్రేమా తగ్గలేదు, సంఘం మాటా తప్పనలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తోంది. పొద్దున్న ఆటోలో రూముకు వెళ్తూ వినేది ఆ పాటే. టోపీలు మాత్రం వాళ్ళ ఆస్పత్రిలో ఎవరూ పెట్టుకోరట.

2022లో 'బార్న్ పింక్' ఆల్బం వచ్చింది. 'షట్ డౌన్' పాటలో పగనీని వయొలిన్ రాగం వాడుకున్న తీరు మాకు చాలా ఇష్టం. కానీ అందులో 'హార్డ్ టు లవ్', 'ద హ్యాపియస్ట్ గర్ల్', 'టాలీ' పూర్తిగా ఇంగ్లీషు పాటలే. అప్పటికి మాకు ఇంగ్లీషు వస్తోంది. ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యాక, ఇంతేనా అనిపించింది. ఒకప్పుడు ఇంగ్లీషు అర్థం కాలేదని సిగ్గుపడ్డవాళ్ళం, ఇప్పుడు అర్థమైందని దిగులుపడ్డాం. ఇది మా అభిప్రాయం మాత్రమే, ఆ పాటలు నచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. మా జిసూ కూడా వాళ్ళలో ఒకరు.

'స్టే' మేము ముగ్గురం మూడేళ్ళు వినలేదు. వినకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. వస్తే దాటేసేవాళ్ళం.

2023లో ఒకరోజు కొత్త నెంబరు నుండి వాయిస్ మెసేజీ వచ్చింది. మాటలు లేవు. ఆ పాట చివరి రాగం, వెనకాల కుట్టుమిషన్ చప్పుడు, ఒక చిన్నపిల్ల ఏడుపు. మా రోజే! ఆమెకు సొంత ఫోను వచ్చింది. బ్లౌజులు కుట్టి కొనుక్కుందట. గంటన్నర మాట్లాడితే అందులో గంట ఆమె అడిగినవే: ఎవరు ఏం చదువుతున్నారు, ఎన్ని మార్కులు, ఏ సబ్జెక్టు, హాస్టల్లో ఇంకా ఆదివారం చికెన్ పెడుతున్నారా. తన గురించి అడిగితే, "ఇంటర్ మెమో నా దగ్గరే ఉంది" అంది. పెళ్ళిరోజు ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకుని తీసుకెళ్ళిందట.

ఆ ఏడే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ.లో చేరింది. మొదటి సంవత్సరం ఫీజు మేము ముగ్గురం కట్టాం. రెండోది బ్లౌజుల డబ్బుతో తనే కట్టుకుంది. మూడోది వాళ్ళాయన కట్టాడు. ఎవరూ అడగలేదు, ఆయనే కట్టి రసీదు తెచ్చిచ్చాడు. ఆదివారం తరగతులకు వెళ్తే పాపను అత్తమ్మ చూసుకుంటుంది, చూసుకుంటూ తిడుతుంది. రెండూ చేస్తుంది అని మా రోజే నవ్వుతుంది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం.

ఈ 2025 జులైలో బ్లాక్‌పింక్ మళ్ళీ నలుగురూ కలిసి 'జంప్' అనే పాట తెచ్చారు. మాకంటే ముందు విని గ్రూపులో పెట్టింది రోజేనే. మాకు ముగ్గురికీ అది అంతగా ఎక్కలేదు, మోత ఎక్కువనిపించింది. ఆమెకు విపరీతంగా నచ్చింది. మిషన్ మీద కూర్చుని వింటే తెలుస్తుంది, మీకేం తెలుసు అంటుంది. దాని మీద మా తగవు ఇంకా నడుస్తూనే ఉంది.