ఎదిగిన కొడుకు, ఇంటి కట్టుబాటు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం 2015 ఏప్రిల్ 1న మొదలైంది. అది ఊరికే రాలేదు. పారోమితా గోస్వామి ముందు నడవగా శ్రామిక్ ఎల్గార్ సంఘం ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు, చిమూర్ నుంచి నాగపూర్ దాకా కాలినడకన వెళ్లారు. 2021 మే 27న రాష్ట్ర మంత్రివర్గం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. దొంగసారా పెరిగిందనీ, ఆ వ్యాపారంలోకి ఆడవాళ్లనూ పిల్లలనూ లాగుతున్నారనీ కారణం చెప్పింది. ఆ ఆడవాళ్లు కోరిన ఇంటి శాంతి ఎంత న్యాయమైనదో నాకు అనుమానం లేదు. కానీ పక్కనే యవత్మాల్‌లో దుకాణాలు తెరిచే ఉన్నాయి, రాజురా దాటి కొంత దూరం పోతే తెలంగాణ. పోలీసులూ చట్టమూ చేతిలో ఉన్న ప్రభుత్వమే ఆరేళ్లలో సీసాను ఆపలేకపోయింది. ముప్పై ఏళ్ల కొడుకు తాగితే మాత్రం అరవై దాటిన తల్లిదండ్రులను, ఆపలేకపోయారేం అని నిలదీస్తాం. వాళ్ల చేతిలో ఉన్నవి వాళ్ల డబ్బు, వాళ్ల ఇల్లు, వాళ్ల మాట. కట్టుబాటు పెట్టగలిగేది వాటి మీదే, పెట్టి తీరాల్సిందీ వాటి మీదే అని నా వాదన.

చాందా (చంద్రపూర్), బల్లార్షా, ఘుగ్గుస్‌లలో బొగ్గు గనుల కోసం, కాగితం మిల్లు కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు ఇంకాస్త బిగుసుకుంటుంది. గనిలో 60 ఏళ్లకు రిటైర్మెంట్. క్వార్టరు ఖాళీ చేయాలి, పీఎఫ్, గ్రాట్యుటీ ఒక్కసారిగా చేతికొస్తాయి. ఆ డబ్బు వస్తోందని కొడుక్కి తెలుసు, వాడికి అప్పిచ్చినవాళ్లకూ తెలుసు. చుట్టాలంతా ఆసిఫాబాద్, మంచిర్యాల, కరీంనగర్ వైపు ఉంటారు. వాళ్ల చెవిన పడితే చెల్లెలి సంబంధం చెడుతుందని తండ్రి గుట్టుగా అప్పు తీర్చేస్తాడు. దాంతో కొడుక్కి ఏం అర్థమవుతుందో ఏమో గానీ, వడ్డీ వ్యాపారికి మాత్రం ఈ కుర్రాడికి ఎంతిచ్చినా వాళ్ల నాన్న కడతాడన్న సంగతి బాగా అర్థమవుతుంది. రెండో అప్పు మొదటిదానికన్నా తేలిగ్గా పుడుతుంది.

అయితే కట్టుబాటంటే కేకలేసి మెడబట్టి గెంటడం అనుకుంటారు చాలామంది. అమెరికాలో మిల్లర్, మేయర్స్ బృందం 1999లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. తాగుడు మానని, వైద్యానికి రానని మొండికేసే మనుషుల కుటుంబాలు 130 తీసుకుని మూడు పద్ధతులు నేర్పారు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో నూటికి 30 మంది వైద్యానికి వచ్చారు. కుటుంబం తన మనశ్శాంతి తాను చూసుకునే పద్ధతిలో 13 మంది. తాగని పూట ఆప్యాయంగా ఉండి, తాగిన పూట పక్కకు తప్పుకుని, తాగుడు తెచ్చిన నష్టాన్ని తాగినవాడికే వదిలేసే పద్ధతిలో 64 మంది వచ్చారు. మన ఇళ్లలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. తాగొచ్చిన రాత్రి బతిమాలడం, అన్నం కలిపి పెట్టడం. మత్తు దిగిన పొద్దున తిట్లు. మాట చెప్పాల్సింది పొద్దున, మెల్లగా, అమ్మానాన్న ఇద్దరూ ఒకే మాటగా: అన్నం ఉంటుంది, చేతికి డబ్బు ఉండదు, ఆసుపత్రి ఖర్చు మేమే నేరుగా కడతాం, అప్పు కట్టం, చెయ్యెత్తితే 112కి ఫోన్ చేస్తాం. చేయలేనిది అసలు అనకూడదు.

వాడిది జబ్బు కదా, జబ్బుమనిషికి షరతులేమిటి అని అడుగుతారు. జబ్బే, నిజమే. అందుకే తిట్టకూడదు. స్కిజోఫ్రీనియా రోగుల ఇళ్ల మీద లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో తేల్చిన విషయం ఒకటుంది. ఎత్తిపొడుపులూ కసురుకోవడమూ ఎక్కువున్న ఇళ్లలోనే కాదు, ఊపిరాడనంత అతిగా చూసుకునే ఇళ్లలో కూడా జబ్బు మళ్లీ తిరగబెట్టడం ఎక్కువ. నెమ్మదిగా చెప్పిన స్పష్టమైన షరతు ఈ రెంటికీ దూరం. ఇక, కాదంటే ఏమైనా చేసుకుంటాడేమో అన్న భయం. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మాట వాడి నోట వస్తే డబ్బు బయటికి తీయడం చికిత్స కాదు, వాణ్ణి ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు. సొంత రాష్ట్రానికి బయట ఉన్న తల్లికి తన బాధను తన భాషలో చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు.

ముసలితనంలో వాడు తప్ప దిక్కెవరు అన్న ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. చాలా ఇళ్లలో రిటైర్మెంట్ డబ్బుతో కొన్న ఇల్లు ఈ ఆశతోనే కొడుకు పేరుకు మారుతుంది. నిజానికి స్వార్జితమైన ఇంట్లో ఉండనివ్వడం తల్లిదండ్రుల దయే తప్ప కొడుకు హక్కు కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. తాతల ఆస్తి సంగతి వేరు. కొడుకు మీద పెట్టిన షరతు కోడలి నెత్తిన పడకూడదు కూడా. ఆమె నివాస హక్కును వయోవృద్ధుల చట్టం తుడిచేయలేదని సుప్రీంకోర్టు 2020లో ఎస్. వనిత కేసులో స్పష్టం చేసింది. అదే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉందని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఇల్లు రాసివ్వక తప్పదనుకున్నవాళ్లు రిజిస్ట్రేషన్‌కు వెళ్లేముందే, మమ్మల్ని పోషించాలన్న వాక్యం గిఫ్ట్ డీడ్‌లో ఉందో లేదో చదివించుకుని చూడాలి. తప్పదనుకోనివాళ్లు తమ పేరునే ఉంచుకోవాలి.