వారసుడినే బేవార్సు అన్నాను



పని లేకుండా తిరిగేవాడిని తిట్టడానికి మనకి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సోమరి, జులాయి, ఆవారా, బలాదూరు, దేశదిమ్మరి, బేవార్సు, పోరంబోకు. మా మండవల్లిలో టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటే చాలు, ఇవన్నీ వినపడతాయి.

వీటిలో చివరి రెండూ ఆస్తికి, భూమికి సంబంధించిన మాటలేనండీ. బేవార్సు ఉర్దూ వాళ్ల నుంచి వచ్చింది, వారసుడు లేని ఆస్తి అని అర్థం. పోరంబోకు తమిళం నుంచి వచ్చింది. ఎవరి పట్టా కిందా లేనిది, శిస్తు రానిది అని రెవెన్యూ లెక్క. శిస్తు రాని భూమి పేరు తెచ్చి, సంపాదన లేని మనిషికి తగిలించేశాం.

కానీ పోరంబోకు అని రాసున్నవేంటో చూడండి. డొంక, కాలవ గట్టు, ఊరి చెరువు, శ్మశానం. ఇవి లేకుండా ఊరు ఒక్కరోజు నడుస్తుందా? కొల్లేరు కూడా అంతే. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చిపడితే తన కడుపులో పెట్టుకుని, మెల్లగా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపుతుంది. ఊరికే పడుందని మనం గట్లు వేశాం. 2006లో ఐదో కాంటూరు లోపల చెరువులు కొట్టేసినప్పుడు లబోదిబోమన్నాం. అది ఊరికే పడిలేదని వరదొచ్చినప్పుడు గానీ మనకి గుర్తురాదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. మా ఊళ్లో ఒక కుర్రాడు, డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు. పొద్దస్తమానం నా చేపల చెరువు గట్టు మీద కూర్చునేవాడు. ఒకరోజు నలుగురిలో అనేశాను, "ఏరా బేవార్సు, గట్టు అరిగిపోతుంది, లే" అని. వాడేం మాట్లాడలేదు.

తర్వాత ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫోను. "బాబాయ్, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, తొందరగా రా!" నేను వెళ్లేసరికి వాడే ఇంజను వేసి కొత్తనీళ్లు తోడుతున్నాడు. కొన్ని శీలావతులు పోయాయి, మిగతా చెరువు దక్కింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏడాది పెట్టుబడి నీళ్లలో తేలేది.

డబ్బులిస్తే తీసుకున్నాడు. అన్న మాట గురించి మాత్రం నాకు నోరు రాలేదు.

అసలు మాట ఇంకా చెప్పలేదండీ. ఆ చెరువులో ఎకరంన్నర వాళ్ల నాన్నదే. లీజుకి తీసుకుంది నేనే. వరి ఉన్నప్పుడు ఊడ్పులని, కోతలని ఆ ఇంట్లో అందరికీ పనుండేది. తవ్వేశాక లీజు డబ్బులే మిగిలాయి, పని పోయింది. వాడు కూర్చుంది వాడి పొలం గట్టు మీదే. వారసుడిని పట్టుకుని బేవార్సు అన్నాను.

వాడు ఈ పేజీ చూస్తాడు. ఒరే అబ్బాయ్, నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెప్తున్నా, తప్పు నాదే.

ముసురు రోజుల్లో మేత తగ్గించండి, తెల్లారకముందే ఒకసారి గట్టు మీదకెళ్లండి. అక్కడ ఎవరైనా ఊరికే కూర్చునుంటే లేపకండి.

ఉంటానండీ.