గిర్ని లెక్కల పుస్తకం

బోథ్, 12 జూన్ 2024

మిరుగు కార్తె వచ్చింది. వాడకట్టులో అందరి ఇళ్లలోనూ పత్తి గింజల మాటే. ఈ నెలలో బోథ్‌లో ఎవరి చేతిలోనూ పైసలు ఆడవు. ఉన్నవి గింజలకు, ఎరువులకు పోయాయి, లేనివాళ్లు అప్పుకు తిరుగుతున్నారు. సరిగ్గా ఇప్పుడే నేనూ మా తోడికోడలు అక్కా పిండి గిర్ని పెడతామంటున్నాం. వెనక వాడలో గిర్ని నడిపే పెద్దాయన కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోతూ మిషన్ అమ్మకానికి పెట్టాడు.

మా వైపు పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నరొట్టె. జొన్నపిండి ఎక్కువ రోజులు నిలవదు, చేదెక్కుతుంది. పాతబడ్డ పిండిని ఎంత వేడినీళ్లు పోసి పిసికినా రొట్టె అంచులు పగులుతాయి. కాబట్టి ప్రతి ఇంటికీ వారం వారం గిర్ని కావాలి. ఇదే మా ధైర్యం.

అత్తమ్మ అంతా విని ఒకటే అడిగింది: "ఊళ్లె ఉన్న గిర్నీలు తక్కువయినయా? వాటిని ఇడిసిపెట్టి మీ దగ్గరికి ఎందుకొస్తరు బిడ్డా?"

జవాబు లేదు. ప్రశ్న ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఆదిలాబాద్, 9 జూలై 2024

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో చేరాను. ఫీజు లేదు, తిండీ బసా వాళ్లవే. ఇలాంటివి జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకులు నడుపుతున్నాయి. మొదటిది 1982లో కర్ణాటకలోని ఉజిరెలో, ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే చొరవతో పుట్టింది. ఆ నమూనానే తర్వాత కేంద్రం దేశమంతా పెట్టింది.

ఈ రోజు క్లాసులో పుస్తకం తెరవలేదు. నేల మీద ఒక మేకు పాతి, దూరం పెరిగే కొద్దీ గీతలు గీసి, చేతికి రింగులిచ్చారు. ఎక్కడి నుంచి వేస్తారో మీ ఇష్టం, దూరం పెరిగితే మార్కులు పెరుగుతాయి అన్నారు. ఉట్నూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఆఖరి గీతకు పోయి నిలబడ్డాడు, ఒక్క రింగూ పడలేదు. ఒకమ్మాయి మేకు పక్కనే నిలబడి అన్నీ వేసింది, మార్కులు రాలేదు. మూడో నాలుగో గీత దగ్గర నిలబడి, రెండు తప్పి, కాస్త ముందుకు జరిగి మళ్లీ వేసినవాళ్లను సార్ గమనిస్తున్నారని ఆట అయిపోయాక తెలిసింది. గెలవడానికి సగం అవకాశం ఉండి, మిగతా సగం తన నేర్పు మీద ఆధారపడే దూరాన్ని ఎంచుకునేవాళ్లు వ్యాపారంలో నిలబడతారట.

ఈ ఆట వెనుక తెలుగు ఊరి కథ ఒకటి ఉంది. డేవిడ్ మెక్‌లెలాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, హార్వర్డ్‌లో ప్రొఫెసర్, సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేదేనా, నేర్పితే వచ్చేదా అని తేల్చడానికి 1964లో మన కాకినాడను ఎంచుకున్నాడు. కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి నేర్పారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థగా ఉన్నది అదే. తర్వాత చూస్తే శిక్షణ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే ఎక్కువ గంటలు పని చేశారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, కొత్త పనులు మొదలుపెట్టారు. ఆ పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఏమిటంటే, కులం గానీ, పాతకాలపు నమ్మకాలు గానీ, కట్టూబొట్టూ గానీ ఆ శిక్షణకు అడ్డం రాలేదు.

వ్యాపారం ఫలానా ఇళ్లవాళ్లకే వస్తుందన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. వాళ్ల పిల్లలు గల్లా పక్కన కూర్చుని పెరుగుతారు, అందుకే వాళ్లకు వస్తుంది. మేము పత్తి చేను గట్టు మీద పెరిగాం, పత్తి లెక్కలు మాకు వస్తాయి. తేడా అంతే. కాకినాడ సంగతి బడిలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆదిలాబాద్, 12 జూలై 2024

ఈ రోజంతా డబ్బు గురించే. ఇంటి డబ్బు వేరు, గిర్ని డబ్బు వేరు. గిర్ని గల్లాలోంచి కూరగాయలకు ఇరవై తీసినా పుస్తకంలో రాయాలి.

మేడం బోర్డు మీద అప్పడాల లెక్క వేశారు. పప్పు, నూనె, కవర్లు, ఆటో. అమ్మకంలోంచి ఇవి తీసేస్తే మిగిలినది లాభమేనా అని అడిగారు. అందరం అవునన్నాం. "మరి చేసిన మనిషి కూలి?" అన్నారు. క్లాసు చప్పబడిపోయింది. ముప్ఫై మందిలో ఆడవాళ్లమే ఎక్కువ. మా మహిళా సంఘాల్లో పచ్చళ్లు పెట్టినా, కారం పట్టినా, బట్టలు కుట్టినా ఒక్కరమూ ఆ కూలి గీత రాయం. ఇంటి పనికి లెక్క లేదు కాబట్టి ఈ పనికీ లేదనుకుంటాం.

బోథ్, 18 ఆగస్టు 2024

వానలు తగ్గాక అక్కా నేనూ ఇల్లిల్లూ తిరుగుతున్నాం. అమ్మడానికి కాదు, అడగడానికి. పిండి ఎక్కడ పట్టిస్తారు, ఎన్నాళ్లకోసారి, అక్కడ ఏం ఇబ్బంది?

పట్టు కూలి ఎక్కువని ఎవరూ అనలేదు. అందరి బాధా గిర్నికి పోవడానికి ముందు పనే. జొన్నలు చెరగాలి, రాళ్లేరాలి, ఎండబోయాలి. పత్తి ఏరే రోజుల్లో దానికి పొద్దు చాలదు. ఇంకో సంగతి కూడా తెలిసింది. కిరాయికి ఉండే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు జొన్నరొట్టె తినాలనుకుంటారు. వాళ్ల ఇంట్లో జొన్నల సంచి ఉండదు. కిన్వట్ వైపు నుంచి వచ్చే మరాఠీ వాళ్లు భాకరీ లేకుండా ముద్ద ముట్టరు. వీళ్లకు శుభ్రం చేసి పట్టిన పిండి కిలో ప్యాకెట్లలో కావాలి.

అత్తమ్మకు జవాబు దొరికింది. జొన్నలు శుభ్రం చేసే జల్లెడ మిషన్ ఊళ్లో ఏ గిర్నిలోనూ లేదు. మాకు అదే ముందు కావాలి.

బోథ్, 20 సెప్టెంబర్ 2024

కాయిదాల సంగతి, మళ్లీ వెతుక్కోకుండా రాసి పెడుతున్నాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్: అమ్మకం ఏడాదికి 12 లక్షల లోపయితే ఏటా 100 రూపాయలు. పద్నాలుగు అంకెల నంబరు ఇస్తారు, అది ప్యాకెట్ మీద ఉండాలి. దాంతోపాటు చేసినవాళ్ల పేరు, చిరునామా, తూకం, తయారైన నెల, ధర, ఫోన్ నంబరు. పేరు వేసి ప్యాక్ చేసిన పిండికి 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది కానీ తెలంగాణలో అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్టర్ కానవసరం లేదు. ఇంటి మీటరు మీద గిర్ని నడపకూడదు, వేరే కనెక్షన్ తీసుకోవాలి.

ఆహార పరిశ్రమలకు కేంద్ర పథకం ఒకటి 2020 నుంచి ఉంది. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠం 10 లక్షలు. ఆ డబ్బు చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా ఉండి, కిస్తీలు సరిగ్గా కడితే మూడేళ్ల తర్వాత అప్పులో జమ అవుతుంది. ఊళ్లో చాలామంది సబ్సిడీ పేరు విని పెద్ద మిషన్‌కు పోదామంటున్నారు. నాకు అది ఆఖరి గీత దగ్గర నిలబడటంలా కనిపిస్తోంది. సంఘం నుంచి అప్పు 1,20,000, మా ఇద్దరివి 40,000. పాత గిర్ని, కొత్త జల్లెడ మిషన్, తూకం, సీలు మిషన్. నెలకు దగ్గర దగ్గర నాలుగు వేల కిస్తీ. పిండి పట్టు కూలితోనే అది కట్టగలమన్న లెక్క ఉంది.

బోథ్, 6 అక్టోబర్ 2024

ధర కట్టడానికి కూర్చున్నాం. రాత్రి పదకొండయింది.

క్వింటాలు జొన్నలు 3,400. ఈ ఏడు సర్కారు మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు 3,371, అంగడిలో దాదాపు అంతే నడుస్తోంది. హమాలీ, బండి 60. కరెంటు 90. చెత్త, తరుగు పోగా పిండి 96 కిలోలు దిగుతుంది, కవర్లు మూడు రూపాయల చొప్పున 288. కిస్తీలో వాటా, మిషన్ అరుగుదల కలిపి 100. మొత్తం 3,938. కిలోకు 41.

ఆదిలాబాద్ నుంచి వచ్చే ప్యాకెట్ ఇక్కడి కిరాణంలో 45. నాలుగు మిగులుతుందని అక్క మొహం వెలిగింది.

అప్పుడు కూలి గీత రాశాను. ఎంత వేయాలి? ఉపాధి హామీ కూలి ఈ ఏడాది తెలంగాణలో 300. అంతకంటే తక్కువకు మేమెందుకు పని చేయాలి? చేత్తో చెరిగితే ఇద్దరం రోజంతా కష్టపడినా ఒక్క క్వింటాలే తేలుతుంది. 600 కలిపితే మొత్తం 4,538, కిలోకు 47 దాటింది. 45కి అమ్మితే కిలో మీద రెండు రూపాయల పైన నష్టం, దాన్ని లాభమని సంతోషపడుతూ అమ్ముతాం.

అత్తమ్మ పక్కనుంచి అన్నది: "ఇంట్ల చేసుకునే పనికి కూలేంది? మీరేమన్న పరాయోళ్లా?"

"రేపు మా ఇద్దర్ల ఒకరం మంచం పడితే ఇంకో మనిషిని పెట్టాలె గదా అత్తమ్మా. ఆమె ఉత్తగ వస్తదా?" అన్నాను. కాసేపు ఊరుకుని, "రాదు" అన్నది.

జల్లెడ మిషన్ మీద రోజుకు రెండు క్వింటాళ్లు తేలతాయి. అప్పుడు కూలి క్వింటాలుకు 300. మొత్తం 4,238, కిలోకు 44 రూపాయల 15 పైసలు. నేరుగా కొనేవాళ్లకు 50, కిరాణం వాళ్లకు 46. మిషన్ దేనికో ఇప్పుడు ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆదిలాబాద్ ప్యాకెట్ కంటే మాది ఐదు రూపాయలు ఎక్కువ. నిన్న పట్టిన పిండి అని తేదీ వేసి అమ్ముతాం, తిన్నవాళ్లే చెబుతారు.

బోథ్, 24 నవంబర్ 2024

గిర్ని తిరుగుతోంది. పని కంటే ఉద్దెర కష్టంగా ఉంది.

"బిడ్డా, పత్తి అమ్మినంక ఇస్త" అని చిన్నమ్మ వరసయే ఆమె అంటే కాదనలేం. ఇక్కడ డబ్బు ఏడాదిలో ఒకే కాలంలో వస్తుంది. సోయా దసరాకు, పత్తి దీపావళి తర్వాత. ఊరంతా ఆ డబ్బు చుట్టూ తిరుగుతుంటే మేమొక్కళ్లమే రోజూ రొక్కం అడగడం న్యాయం కాదు. కానీ కిస్తీ నెలనెలా కట్టాలి.

రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం. పట్టు కూలి కిలోకు ఐదు రూపాయలు, పైసలు లేనివాళ్లు జొన్నలిచ్చినా సరే. పది కిలోలు పట్టిస్తే కిలోన్నర. మా పాతకాలంలోనూ ఇలాగే ఉండేదని అత్తమ్మే చెప్పింది. మాకు కొనాల్సిన సరుకు ఇంటికే వస్తుంది, వాళ్లకు అప్పు పెరగదు. ప్యాకెట్ల ఉద్దెర మాత్రం ఇంటికి 500 దాకే. పుస్తకంలో వాళ్ల ముందే రాసి సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. పుస్తకం చూపిస్తే ఎవరికీ కోపం రాలేదు. నోటి లెక్కలకే తగవులు వస్తాయి.

కేస్లాపూర్, 30 జనవరి 2025

నాగోబా జాతర. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయుల మహాపూజ అయింది. ప్యాకెట్లు, వేడి రొట్టెలు రెండూ పెట్టాం. రొట్టె ముందు పోయింది, రొట్టె తిన్నవాళ్లు ప్యాకెట్ అడిగారు. జాతర అమ్మకాన్ని నెల అమ్మకంతో కలపకుండా వేరే పేజీలో రాశాను. కలిపితే వచ్చే నెల మీద లేనిపోని ఆశ పుడుతుంది.

బోథ్, 30 మార్చి 2025, ఉగాది

మధ్యాహ్నం ఫోన్లన్నీ మోగాయి. ప్రధాని మన్ కీ బాత్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇప్పపూలతో చేస్తున్న ప్రయోగం గురించి చెప్పారట. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోందని మాకు ముందే తెలుసు. పండగ పూట మా జిల్లా ఆడవాళ్ల పని దేశమంతా వినడం చాలా సంతోషంగా ఉంది.

పేరు సంగతి అలా ఉంచితే, నాకు ఉట్నూరు సంఘం పనిలో రెండు విషయాలు పెద్దవిగా కనిపిస్తాయి. ఇప్పపూలు రాలేది ఈ ఎండాకాలం మొదట్లో కొన్ని వారాలే. ఏడాదికి సరిపడా అప్పుడే కొని, ఎండబెట్టి, దాచాలి, అంటే చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి. రెండోది, వాళ్ల లడ్డూలు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు వెళ్తున్నాయి. నెలనెలా తీసుకునేవాళ్లు ఉన్నారు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వెన్నుదన్ను అసలు ఇక్కడే అక్కరకు వచ్చింది. మిషన్ ఇప్పించి ఫొటో దిగిపోయే పథకాలు ఎన్నో చూశాం. కొనేవాళ్లను చూపించిన పథకమే మనిషిని నిలబెడుతుంది.

మాకూ అంతే. యాసంగి జొన్నలు ఇంకొన్ని రోజుల్లో కళ్లాల మీదికి వస్తాయి. అప్పుడు కొంటేనే ధర మన చేతిలో ఉంటుంది. గల్లాలో మిగిలినదాంట్లోంచి చీర కొందామని అక్క అన్నది. చీర మా కూలిలోంచి కొనుక్కుందాం, మిగులు జొన్నలకు పోవాలన్నాను. ఇద్దరం కూలిలోంచే కొనుక్కున్నాం.

బోథ్, 1 ఏప్రిల్ 2025

కొత్త ఏడాది, కొత్త పుస్తకం. మొదటి పేజీలో రెండు నిలువు గీతలు: ఇల్లు, గిర్ని.

సంఘం మీటింగులో కారం పట్టే వాళ్లు, కుట్టుమిషన్ వాళ్లు వచ్చి లెక్క చూపమన్నారు. అక్టోబర్ ఆరు నాటి పేజీ తీసి చూపించాను. మీరు కూడా ఏం పని చేసినా, ధర చెప్పడానికి ముందు మీ కూలి గీత రాయండి అని అందరికీ చెప్పాను. రాస్తే అమ్ముడుపోదేమో అన్నది ఒకామె. అమ్ముడుపోకపోతే పని తీరు మార్చు, మిషన్ చూడు, కొనేవాళ్లను మార్చు, కూలి గీత మాత్రం కొట్టేయకు వదినా అన్నాను.

ఉపాధి హామీ కూలి ఈ రోజు నుంచి 307 అయింది. పుస్తకంలో మాదీ 307 చేశాను. క్వింటాలు మీద ఏడు రూపాయలు పెరిగింది, కిలో మీద ఏడు పైసలు. ప్యాకెట్ ధర యాభయ్యే ఉంచాం.