ముందు షాఫ్ట్ క్రాసులు

కువైట్‌లో పికప్‌ని వనైత్ అంటారు. మా భాంజా డ్రైవర్ వీసా మీద వెళ్ళి వఫ్రా తోటల్లో పనికి కుదిరాడు. వాడి చేతికొచ్చింది టొయోటా ల్యాండ్ క్రూజర్ వనైత్. నేను పదకొండేళ్ళు నడిపిన రకమే. మొన్న ఫోన్ చేసి, "మామూ, ఫోర్ వీల్ వేసి రివర్స్ గేరు మారిస్తే కింద టక్‌మంటోంది. ఫికర్ పడాలా?" అన్నాడు.

పడాలి బేటా. వీసాకి తెచ్చిన కర్జా ఇంకా మీ అమ్మీ నెత్తిన ఉంది. బండిలో ఏది విరిగినా డ్రైవర్ జీతంలో కోసే కఫీల్‌లు ఉన్నారు, నాకూ కోశారు. పైగా ఎండ 50 డిగ్రీలు దాటే నెలల్లో ఇసుకలో బండి ఆగితే జీతం మాట దేవుడెరుగు, జాన్ మీదకొస్తుంది.

ట్రాన్స్‌ఫర్ గేర్ నుంచి ముందు యాక్సిల్‌కి వెళ్ళే షాఫ్ట్‌కి రెండు కొసలా చెరో క్రాస్ ఉంటుంది. క్రాస్ నాలుగు చేతుల మీదా నాలుగు టోపీలు, వాటిలో సూదుల్లాంటి సన్న రోలర్లు. తిరిగి తిరిగి అరిగేది వెనక షాఫ్ట్. ముందుది చాలాసార్లు ఖాళీగా ఉండే ఖరాబవుతుంది. హబ్బులు ఫ్రీలో పెట్టి టూ వీల్‌లో నెలలు నడిపితే అది తిరగదు. గ్రీజు కిందికి దిగుతుంది, పై రోలర్లు ఎండి తుప్పు పడతాయి. అందుకే టొయోటా పుస్తకంలో నెలకి కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపమని రాసుంటుంది. ఆ 16 ఇసుక మీదే నడపాలి, పొడి తారు రోడ్డు మీద కాదు.

చూడటం కష్టం కాదు. చదును నేల, ఇంజన్ బంద్, హ్యాండ్ బ్రేక్, చక్రాలకి అడ్డు రాళ్ళు. టూ వీల్, హబ్బులు ఫ్రీ. అప్పుడు షాఫ్ట్ చేత్తోనే తిరుగుతుంది. ఒక చేత్తో ఫ్లాంజ్, ఇంకో చేత్తో షాఫ్ట్ పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టు, పైకీ కిందికీ ఊపు. కాస్త ఆడినా ఆ క్రాస్ అయిపోయినట్టే. టోపీ అంచున ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిందని అర్థం. నెమ్మదిగా పోతుంటే పిచ్చుక కూసినట్టు కిచకిచ వినిపించినా అదే.

గ్రీజుకి ముందు నిపుల్‌ని గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఇది నాకు షువైఖ్ గరాజుల్లో ఒక పఠాన్ ఉస్తాద్ నేర్పాడు. ఆయన ఉర్దూ వేరు, మన ఉర్దూ వేరు, నేను కడప యాసలో అడిగితే నవ్వేవాడు. "నిపుల్ మీది ఇసుకని గన్ను పెట్టి నువ్వే లోపలికి తోస్తున్నావు భాయ్" అనేవాడు. నాలుగు టోపీల సీళ్ళ నుంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. ఒక్క టోపీలో రాకపోతే షాఫ్ట్ అటూ ఇటూ కదిపి మళ్ళీ కొట్టు. అప్పటికీ రాకపోతే ఆ క్రాస్ మీద భరోసా వద్దు. మధ్యలో గాడుల మీద జారే కీలుకి మాత్రం రెండు మూడు పంపులు చాలు. గుంతలో పడి స్ప్రింగులు అణిగినప్పుడు అది లోపలికి జారాలి, గ్రీజు కూరేస్తే జారే జాగా ఉండదు.

విప్పాల్సి వస్తే ముందు ఫ్లాంజ్‌కీ షాఫ్ట్‌కీ, జారే కీలు రెండు ముక్కలకీ సుద్దతో గీత గీయాలి. బిగించేటప్పుడు ఆ గీతలు కలిసి యోకులు మునుపటిలాగే కూర్చోకపోతే కొత్త క్రాస్ వేసినా బండి వణకొచ్చు.

జుమా రోజు సెలవులో చూసి వాడు ఫొటో పంపాడు. ట్రాన్స్‌ఫర్ గేర్ వైపు టోపీ కింద ఎర్ర పొడి. ఆ ఫొటో అప్పుడే కఫీల్‌కి కూడా పంపమన్నా, తేదీతో సహా. విరిగాక చెబితే నీ తప్పంటాడు కదా. క్రాస్ డబ్బులు ఆయనే ఇచ్చాడట. వాడిప్పుడు వెనక షాఫ్ట్ గురించి అడుగుతున్నాడు.