ఇల్లు చక్కబెట్టుకొందాము



మా గుంటూరు ప్రాంతములో మిర్చి కోతకు రాకముందే రైతు కల్లము చదును చేసుకుంటాడు, కూలీలను మాట్లాడుకుంటాడు, గోతాలు సిద్ధము చేసుకుంటాడు. ఆస్తి విషయములో మాత్రము ఆ ముందుచూపు కనిపించదు. "వీలునామా వ్రాశారా?" అని అడిగితే, "అదేమి మాట అయ్యగారూ, నేనింకా గట్టిగానే ఉన్నాను గదా" అంటారు. వీలునామా వ్రాస్తే చావు దగ్గరపడుతుందని విశ్వాసులలో కూడ ఒక భయమున్నది. యెషయా ప్రవక్త ఇల్లు చక్కబెట్టుకొమ్మని చెప్పిన తరువాత హిజ్కియా రాజు ఇంకా 15 సంవత్సరములు బ్రదికాడని మరచిపోతాము!

నా సంఘ సేవలో ఎన్నో ఆదరణ కూడికలు జరిపించాను. కొన్ని ఇండ్లలో కన్నీరు ఆరకముందే పొలము సంగతి బయటకు వస్తుంది. "ఆడపిల్లకు కట్నమిచ్చాము, ఇంకా వాటా ఏమిటి?" అని అన్నదమ్ములు అంటారు. తల్లి ఒక మూల మౌనముగా కూర్చుంటుంది. తన వాటా ఎంతో ఆమెకే తెలియదు.

మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్టు. వీలునామా లేకుండా భర్త చనిపోతే, ఆస్తిలో మూడవ వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానము. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. నాలుగున్నర ఎకరములున్న రైతుకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే, భార్యకు ఎకరమున్నర, ఒక్కొక్క బిడ్డకు ఎకరము వస్తుంది. అయితే కాపురమున్న ఇల్లు కూడ ఈ లెక్కలోనే చీలుతుంది. ముసలితనములో భార్య తన గడపలోనే నిశ్చింతగా ఉండాలంటే వీలునామా కావాలి.

అది కష్టమైన పని కాదు. స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. సంతకము రానివారు వేలిముద్ర వేయవచ్చు. అది చూచిన ఇద్దరు సాక్షులు, వ్రాయించినవారి ఎదుటనే సంతకములు చేయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగవులు తగ్గుతాయి. మనసు మారితే మరల వ్రాయవచ్చు, చివరిదే చెల్లుతుంది. 2002 సవరణ తరువాత భారతీయ క్రైస్తవుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. అయినా ఎవరైనా కాదంటే కోర్టులో సాక్షిచేత రుజువు చేయించాలి. గనుక మనకంటే చిన్న వయసువారిని సాక్షులుగా పెట్టుకోవడము మేలు.

రెండు జాగ్రత్తలు మరువకండి. కూతురికి ఎకరము వ్రాసి, అల్లునిచేత సాక్షి సంతకము పెట్టిస్తే, వీలునామా నిలుస్తుంది గాని కూతురికిచ్చిన ఆ ఎకరము చెల్లదు. హిందూ సోదరులకు ఈ నియమము లేదు, మనకున్నది. అలాగే వీలునామా వ్రాసిన తరువాత పెండ్లి చేసుకుంటే, మన విషయములో అది రద్దవుతుంది. మారుమనువు చేసుకున్నవారు క్రొత్తది వ్రాయాలి.

సంఘానికి వ్రాయవచ్చునా అని కొందరు అడుగుతారు. దగ్గర బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యములకు వ్రాయకుండా కట్టడి చేసిన నిబంధనను, జాన్ వల్లమట్టం కేసులో 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అయినా కాపరిగా నా మనవి ఒకటే: ముందు భార్యకు గూడు, కూడు చూడండి. విధవరాలిని వీధిన పెట్టిన సొమ్ముతో మందిరానికి గోడలు లేవవద్దు.

ఈ నెలలో ఒక సాయంకాలము, కుటుంబ ప్రార్థన ముగిశాక, పాసుపుస్తకాలు ముందు పెట్టుకొని మాట్లాడుకోండి. కూతుళ్లను కూడ పిలవండి.